పుల్లెల గోపీచంద్

పుల్లెల గోపీచంద్ (జననం: 1973 నవంబరు 16) భారతదేశానికి చెందిన సుప్రసిద్ధ బ్యాడ్మింటన్ క్రీడాకారుడు, శిక్షకుడు. 2001లో ఆల్ ఇంగ్లండ్ ఓపెన్ బ్యాడ్మింటన్ పోటీలలో పురుషుల సింగిల్స్ టైటిల్ గెలిచాడు. 1980లో ప్రకాష్ పదుకొనె తరువాత ఈ టైటిల్ గెలిచిన రెండవ భారతీయుడు ఇతడే. ఆటగాడిగా విరమించిన పిమ్మట హైదరాబాదులోని గచ్చిబౌలిలో శిక్షణా సంస్థను నెలకొల్పి సైనా నెహ్వాల్, పి.వి.సింధు, పారుపల్లి కశ్యప్, కిడాంబి శ్రీకాంత్, సాయి ప్రణీత్ వంటి క్రీడాకారులను తీర్చిదిద్దాడు. 2006లో భారత జట్టుకు ప్రధాన శిక్షకుడిగా నియమితుడయ్యాడు. ఆటగాళ్ళకిచ్చే అర్జున, ఖేల్ రత్న పురస్కారాలతోపాటు శిక్షకులకిచ్చే ద్రోణాచార్య పురస్కారాన్ని కూడా అందుకున్నాడు.

బాల్యం, విద్యాభ్యాసం

గోపీచంద్ నాటి ప్రకాశం జిల్లాలోని నాగండ్ల గ్రామంలో సుభాష్ చంద్ర, సుబ్బరావమ్మ దంపతులకు జన్మించాడు. 2022లో జరిగిన జిల్లాల పునర్విభజనతో ఈ గ్రామం బాపట్ల జిల్లాలో చేరింది. చిన్నతనంలో ఇతనికి క్రికెట్ మీద మక్కువ ఉండేది. అన్న రాజశేఖర్ ప్రోత్సాహంతో బ్యాడ్మింటన్ వైపు మళ్ళాడు. రాజశేఖర్ కూడా మంచి ఆటగాడే. కాని ఐఐటీ ప్రవేశ పరీక్షలో ఉత్తీర్ణుడై ఆట వదిలి చదువు వైపు వెళ్ళాడు. ఇంజనీరింగు ప్రవేశ పరీక్ష రాసిన గోపీచంద్‌కు మాత్రం సీటు రాలేదు. ఆ పరీక్ష తప్పడం వల్లనే తాను ఆటలో నిలిచానని ఇతడు తరువాతి కాలంలో పలు సభలలో చెప్పుకున్నాడు. ఒకే ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములలో చదువులో నెగ్గినవాడు ఆట మానుకోవడం, నెగ్గనివాడు ఆటలో కొనసాగడం అప్పటి మధ్యతరగతి కుటుంబాలలో క్రీడలకున్న స్థానాన్ని తెలుపుతుంది.

హైదరాబాదులోని సెయింట్ పాల్స్ పాఠశాలలోను, ఏ.వి. కళాశాలలోను చదివి ప్రభుత్వ పాలనాశాస్త్రంలో పట్టా పొందాడు. 1990, 1991 సంవత్సరాలలో భారత విశ్వవిద్యాలయాల సంయుక్త జట్టుకు నాయకత్వం వహించాడు.

నేపథ్యం

ఆంధ్ర ప్రాంతపు గ్రామాలలోను, చిన్న పట్టణాలలోను ఒకప్పుడు బ్యాడ్మింటన్ అంటే చాలామందికి స్ఫురించేది బంతి బ్యాడ్మింటన్. పసుపుపచ్చని ఉన్ని బంతితో, జట్టుకు ఐదుగురు చొప్పున, ఆరుబయట మట్టి నేలమీద ఆడే ఆట ఇది. ఓరుగల్లుకు చెందిన జమ్మలమడక పిచ్చయ్య ఈ ఆటలో చూపిన ప్రతిభకు 1970 సంవత్సరపు అర్జున పురస్కారం పొందాడు. ఈకలతో చేసిన షటిల్‌తో ఆడే ఆట సంగతి వేరు. కొద్ది గ్రాముల బరువు మాత్రమే ఉండే షటిల్ చిన్నపాటి గాలికే దారి తప్పుతుంది కనుక పోటీ స్థాయి ఆటకు పైకప్పు ఎత్తుగా ఉన్న భవనం, చెక్కతో గాని సింథటిక్ పదార్థంతో గాని చేసిన నేల అవసరం. ఈకల షటిళ్ళు త్వరగా పాడవుతాయి. అందుచేత ఇది ఖర్చుతో కూడిన ఆట. కోర్టులు, శిక్షకులు, షటిళ్ళు ఒకచోట దొరికే నగరాలలోనే ఆటగాళ్ళు తయారయ్యేవారు. రాయలసీమ దక్షిణపు కొసన ఉన్న కుప్పం, పుంగనూరు, మదనపల్లె వంటి ఊళ్ళ పిల్లలకు హైదరాబాదు కంటే బెంగళూరే దగ్గర. తెలుగు వారిలో పేరు తెచ్చుకున్న ఆటగాళ్ళు కూడా ఉన్నత శిక్షణకు ఆ నగరానికే వెళ్ళేవారు. గోపీచంద్ కూడా ఆ దారినే నడిచాడు.

ఇతని తొలి గురువు హమీద్ హుస్సేన్. తరువాత హైదరాబాదులో ఎస్.ఎం.ఆరిఫ్ వద్ద ఆట నేర్చుకున్నాడు. పిమ్మట బెంగళూరు వెళ్ళి ప్రకాష్ పదుకొనె అకాడమీలో చేరాడు. అదే నగరంలో భారత క్రీడా ప్రాధికార సంస్థ కేంద్రంలో గంగూలీ ప్రసాద్ వద్ద కూడా శిక్షణ పొందాడు.

గాయం, పునరాగమనం

1994లో పుణెలో జరిగిన జాతీయ క్రీడలలో డబుల్స్ ఆడుతుండగా గోపీచంద్ మోకాలి స్నాయువు తెగిపోయింది. బ్యాడ్మింటన్‌లో ఆటగాడు ఒక్కసారిగా ముందుకు దూకడం, ఎగిరి ఒంటికాలిపై దిగడం, క్షణంలో దిశ మార్చుకోవడం చేయవలసి ఉంటుంది. ఈ మూడింటి భారమూ మోకాలి మీదే పడుతుంది. అప్పటికి ఇతని వయస్సు 20 సంవత్సరాలు. శస్త్రచికిత్సలు పలుమార్లు జరిగాయి. తిరిగి కోర్టులో అడుగు పెట్టిన తరువాత 1996లో తొలిసారి జాతీయ ఛాంపియన్ అయ్యాడు. 2000 వరకు వరుసగా ఐదు సంవత్సరాలు ఆ టైటిల్‌ను నిలుపుకున్నాడు.

1998లో కౌలాలంపూర్‌లో జరిగిన కామన్వెల్త్ క్రీడలలో పురుషుల జట్టు విభాగంలో రజతం, సింగిల్స్‌లో కాంస్యం సాధించాడు. 1999లో ఫ్రాన్సులోని టులూజ్ ఓపెన్‌ను, స్కాటిష్ ఓపెన్‌ను గెలిచాడు. 2000 సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో ఇండోనేషియా ఆటగాడు హెంద్రవాన్ చేతిలో ఓడి క్వార్టర్ ఫైనల్‌కు చేరలేకపోయాడు. హెంద్రవాన్ ఆ క్రీడలలో రజత పతక విజేత.

2001 ఆల్ ఇంగ్లండ్ విజయం

1899లో మొదలైన ఆల్ ఇంగ్లండ్ పోటీలు బ్యాడ్మింటన్‌లో అతి ప్రాచీనమైనవి. ప్రపంచ ఛాంపియన్‌షిప్ 1977లో ప్రారంభమయ్యేవరకు ఈ టైటిల్‌నే అనధికార ప్రపంచ విజేత స్థానంగా భావించేవారు. 2001 మార్చిలో బర్మింగ్‌హామ్‌లో ఈ పోటీలు ప్రారంభమైనప్పుడు గోపీచంద్ గెలుస్తాడని ఊహించినవారు తక్కువ.

మూడవ రౌండులో ఇతడు చైనాకు చెందిన జీ జిన్‌పెంగ్‌ను ఓడించాడు. జీ జిన్‌పెంగ్ ఆరు నెలల క్రితమే సిడ్నీలో ఒలింపిక్ స్వర్ణం గెలిచిన ఆటగాడు. క్వార్టర్ ఫైనల్‌లో డెన్మార్క్‌కు చెందిన ఆండర్స్ బోసెన్‌ను, సెమీఫైనల్‌లో అదే దేశపు పీటర్ గేడ్‌ను ఎదుర్కొన్నాడు. గేడ్ నాటి అగ్రశ్రేణి ఆటగాడు. ఆ ఆటలో గోపీచంద్ 17-14, 17-15 తేడాతో నెగ్గాడు. నేటి పాఠకులకు ఈ స్కోరు కొత్తగా తోచవచ్చు. అప్పటి నిబంధనల ప్రకారం సర్వీసు చేసిన ఆటగాడికి మాత్రమే పాయింటు లభించేది. ఆట 15 పాయింట్లకు ముగిసేది. ఇద్దరూ 14 వద్ద సమానంగా నిలిస్తే ఆటను 17 వరకు పొడిగించే వీలుండేది. అనగా ప్రపంచంలోని మేటి ఆటగాడితో రెండు గేములూ పొడిగింపు వరకు సాగాయి, రెండూ గోపీచంద్‌కే దక్కాయి. వాస్తవానికి ఈ పోటీలలో అసలైన పరీక్ష సెమీఫైనలే అని చెప్పవచ్చు. మార్చి 11న జరిగిన ఫైనల్‌లో చైనాకు చెందిన చెన్ హాంగ్‌పై 15-12, 15-6 తేడాతో అంతకన్నా సులభంగా నెగ్గాడు. చెన్ హాంగ్ తరువాత 2002లోను, 2005లోను ఇదే టైటిల్ గెలిచాడు.

ఈ విజయం తరువాత ఒక శీతల పానీయాల సంస్థ తమ ప్రకటనలలో నటించమని గోపీచంద్‌ను కోరింది. ఆ పానీయాలు ఆరోగ్యానికి మంచివి కావనీ, తాను తాగడం మానివేసిన వస్తువును ఇతరులకు సిఫారసు చేయలేననీ చెప్పి ఇతడు నిరాకరించాడు. క్రికెటేతర క్రీడాకారులకు ప్రకటనల రాబడి అరుదుగా ఉన్న కాలమది. తరువాత ఇతడే సొమ్ము కొరకు ఇల్లు తాకట్టు పెట్టవలసి వచ్చిందని గుర్తుంచుకుంటే ఆ నిరాకరణ విలువ తెలుస్తుంది.

ఆల్ ఇంగ్లండ్ తరువాత గాయాలు తిరగబెట్టడంతో ఇతడు ఆ స్థాయి విజయాన్ని మరల సాధించలేకపోయాడు. ఆటగాడిగా అత్యున్నత దశ మూడు నాలుగేళ్ళకే ముగిసింది.

అకాడమీ స్థాపన

2003లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గచ్చిబౌలిలో ఐదెకరాల స్థలాన్ని అకాడమీ నిర్మాణానికి దీర్ఘకాలిక లీజుపై కేటాయించింది. నాటి ముఖ్యమంత్రి కుప్పం శాసనసభ్యుడైన నారా చంద్రబాబు నాయుడు. స్థలమైతే లభించింది గాని భవనానికి నిధులు సమకూరలేదు. గోపీచంద్ ఎందరో పారిశ్రామికవేత్తలను కలిశాడు. బ్యాడ్మింటన్‌లో భారతీయులు ప్రపంచ స్థాయికి చేరగలరని నమ్మి సొమ్ము పెట్టేవారు దొరకలేదు. చివరకు తన ఇంటిని తాకట్టు పెట్టి పని కొనసాగించాడు. పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ 5 కోట్ల రూపాయలు సమకూర్చాడు. భారత ఆటగాళ్ళు ఒలింపిక్ పతకం తేవాలన్నది ఆయన పెట్టిన షరతు. 2008లో అకాడమీ ప్రారంభమయింది.

శిక్షణ మాత్రం భవనం కంటే ముందే మొదలయింది. 2004 ప్రాంతంలో సుమారు 25 మంది పిల్లలతో గోపీచంద్ తొలి బృందాన్ని సిద్ధం చేసుకున్నాడు. వారిలో పెద్దవాడు పారుపల్లి కశ్యప్, చిన్నది సింధు. సింధు తల్లిదండ్రులు ఇద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. తండ్రి పి.వి.రమణ 1986 ఆసియా క్రీడలలో కాంస్యం గెలిచిన భారత వాలీబాల్ జట్టు సభ్యుడు. అయినా ఆమె 2001 నాటి గోపీచంద్ విజయాన్ని చూసి బ్యాడ్మింటన్‌ను ఎంచుకుంది. సికింద్రాబాదు నుండి గచ్చిబౌలికి నగరం ఒక కొస నుండి మరో కొసకు తెల్లవారకముందే ప్రయాణించి ఆమె శిక్షణకు వచ్చేది.

శిక్షణా విధానం

అకాడమీలో సాధన తెల్లవారుజామున నాలుగున్నర ప్రాంతంలోనే మొదలవుతుంది. అంతకు ముందే శిక్షకుడు కోర్టు దగ్గర ఉండడం ఇతని పద్ధతి. ఆటగాడికి ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వకుండా ఒకదాని వెంట ఒకటిగా పదుల కొద్దీ షటిళ్ళు అందించి ఆడించడం చైనా, ఇండోనేషియా దేశాలలో ఎన్నడో స్థిరపడిన సాధన. దానిని భారతదేశంలో క్రమబద్ధంగా అమలు చేసినవారిలో గోపీచంద్ ముఖ్యుడు. ఆహార నియమాలు, దేహ దారుఢ్యం, నిద్ర సైతం శిక్షణలో భాగమయ్యాయి. ఇతడు పిల్లలతో కోర్టులోకి దిగి తానే ప్రత్యర్థిగా ఆడేవాడు.

ఇతడు జాతీయ శిక్షకుడైన 2006లోనే ఆట నిబంధనలు కూడా మారాయి. సర్వీసుతో సంబంధం లేకుండా ప్రతి ర్యాలీకి పాయింటు లభించే 21 పాయింట్ల పద్ధతి అమలులోకి వచ్చింది. పాత పద్ధతిలో వెనుకబడిన ఆటగాడు ఓపికగా సర్వీసు తిరిగి సంపాదించుకుని కోలుకునే అవకాశం ఉండేది. కొత్త పద్ధతిలో చేసిన ప్రతి తప్పూ ప్రత్యర్థికి పాయింటే. కాబట్టి గోపీచంద్ తాను ఆడి గెలిచిన ఆటను కాక దానికి భిన్నమైన ఆటను నేర్పవలసి వచ్చింది. మేటి ఆటగాళ్ళందరూ మేటి శిక్షకులు కాలేకపోవడానికి ఇటువంటి కారణాలు కూడా ఉంటాయి.

శిష్యుల విజయాలు

సైనా నెహ్వాల్ 2009లో ఇండోనేషియా ఓపెన్ గెలిచి సూపర్ సిరీస్ టైటిల్ సాధించిన తొలి భారతీయురాలయింది. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలలో స్వర్ణం గెలిచింది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్య పతకం కొరకు జరిగిన ఆటలో చైనాకు చెందిన వాంగ్ జిన్ గాయంతో వైదొలగడంతో పతకం సైనాకు లభించింది. బ్యాడ్మింటన్‌లో భారతదేశానికి అదే తొలి ఒలింపిక్ పతకం. నిమ్మగడ్డ ప్రసాద్ షరతు అలా నాలుగేళ్ళలో నెరవేరింది. అదే క్రీడలలో కశ్యప్ పురుషుల సింగిల్స్ క్వార్టర్ ఫైనల్ చేరిన తొలి భారతీయుడయ్యాడు. 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలలో స్వర్ణం గెలిచాడు.

గుంటూరు జిల్లాకు చెందిన కిడాంబి శ్రీకాంత్ 2014 నవంబరు 16న చైనా ఓపెన్ ఫైనల్‌లో రెండుసార్లు ఒలింపిక్ విజేత అయిన లిన్ డాన్‌ను అతని స్వదేశంలోనే 21-19, 21-17 తేడాతో ఓడించాడు. అది గోపీచంద్ పుట్టినరోజు కావడం కాకతాళీయం. శ్రీకాంత్ 2017లో ఇండోనేషియా, ఆస్ట్రేలియా, డెన్మార్క్, ఫ్రాన్సు దేశాలలో నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్ళు గెలిచి, 2018 ఏప్రిల్‌లో ప్రపంచ ప్రథమ ర్యాంకు పొందాడు. సాయి ప్రణీత్ 2019లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ కాంస్యం సాధించాడు. పురుషుల సింగిల్స్‌లో 1983లో పదుకొనె తరువాత భారతదేశానికి అదే మొదటి పతకం. అమలాపురానికి చెందిన సాత్విక్ సాయిరాజ్ కూడా ఈ అకాడమీలోనే ఎదిగి, చిరాగ్ శెట్టితో కలిసి 2023లో డబుల్స్ ప్రపంచ ప్రథమ ర్యాంకుకు చేరాడు.

2022 మే 15న బ్యాంకాక్‌లో భారత జట్టు 14 సార్లు విజేత అయిన ఇండోనేషియాను 3-0 తేడాతో ఓడించి తొలిసారి థామస్ కప్ గెలిచింది. ఆ జట్టులోని శ్రీకాంత్, సాత్విక్, ప్రణయ్ గచ్చిబౌలిలో శిక్షణ పొందినవారు కాగా, లక్ష్యసేన్ బెంగళూరులోని పదుకొనె అకాడమీకి చెందినవాడు.

సింధు, రియో ఒలింపిక్స్

సింధు 2013లోనే ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కాంస్యం గెలిచింది. 2016 రియో ఒలింపిక్స్‌కు ముందు మూడు నెలలపాటు గోపీచంద్ ఆమె వద్ద చరవాణి లేకుండా చేశాడు. మిఠాయిలు, ఐస్‌క్రీము వంటివి మాన్పించాడు. ఆమెకు విధించిన కట్టుబాట్లకు దీటుగా తానూ ఆహార నియమాలు పాటించాడు. సింధు ఆగస్టు 19న జరిగిన ఫైనల్‌లో స్పెయిన్‌కు చెందిన కరొలినా మారిన్ చేతిలో 21-19, 12-21, 15-21 తేడాతో ఓడి రజతం పొందింది. ఒలింపిక్స్‌లో రజత పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమె. ఆట ముగిసిన తరువాతనే ఆమెకు చరవాణి తిరిగి లభించింది. 2019 ఆగస్టు 25న బాసెల్‌లో జపాను క్రీడాకారిణి నొజోమి ఒకుహారాను 21-7, 21-7 తేడాతో ఓడించి సింధు ప్రపంచ విజేత అయింది. రెండేళ్ళ క్రితం గ్లాస్గోలో 110 నిమిషాల పోరులో ఆమె ఓడిపోయింది ఈ ఒకుహారా చేతిలోనే.

2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ నాటికి సింధు కొరియాకు చెందిన పార్క్ టే-సాంగ్ వద్ద శిక్షణ పొందుతూ కాంస్యం సాధించింది. శిక్షకుల సంఖ్యపై పరిమితి ఉండడంతో, సాయి ప్రణీత్‌కు శిక్షణనిస్తున్న ఇండోనేషియా శిక్షకుడు అగుస్ ద్వి సాంటోసోకు వీలు కల్పించడానికి గోపీచంద్ ఆ క్రీడలకు వెళ్ళలేదు.

విభేదాలు, విమర్శలు

2014 ప్రపంచ ఛాంపియన్‌షిప్ తరువాత సైనా నెహ్వాల్ గచ్చిబౌలిని వదలి బెంగళూరులో విమల్ కుమార్ వద్ద చేరింది. అక్కడ ఆమె 2015లో ప్రపంచ ప్రథమ ర్యాంకు పొందింది, ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో రజతం గెలిచింది. అనగా శిక్షకుడిని మార్చడం వల్ల ఆమె ఆట దెబ్బతినలేదు. 2017లో తిరిగి గోపీచంద్ వద్దకు వచ్చింది. సైనా వెళ్ళిపోవడం తనకు ఎంతో బాధ కలిగించిందని 2020లో వెలువడిన ఒక పుస్తకంలో గోపీచంద్ చెప్పాడు. తాను సింధుపై ఎక్కువ దృష్టి పెట్టినందువల్ల సైనాను నిర్లక్ష్యం చేసినట్లు ఆమె భావించి ఉండవచ్చని కూడా అందులో అంగీకరించాడు. ఒకే అకాడమీలో, ఒకే విభాగంలో, ఒకే పతకానికి పోటీపడే ఇద్దరికి ఒక్కడే గురువుగా ఉండడంలోని చిక్కు ఇది. దీనికి గోపీచంద్ వద్ద కూడా తేలికైన పరిష్కారం లేకపోయింది.

జాతీయ శిక్షకుడిగా ఉన్న వ్యక్తే సొంత అకాడమీని నడపడం, జట్టు ఎంపికలో పాల్గొనడం సరికాదన్న విమర్శ మరొకటి. డబుల్స్ క్రీడాకారిణి గుత్తా జ్వాల ఈ విషయాన్ని పలుమార్లు బహిరంగంగా ప్రస్తావించింది. సింగిల్స్ ఆటగాళ్ళకు లభించే శ్రద్ధ డబుల్స్ వారికి లభించడం లేదని ఆమె వాదన. 2010 కామన్వెల్త్ క్రీడలలో స్వర్ణం, 2011 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కాంస్యం అశ్విని పొన్నప్పతో కలిసి గెలిచిన క్రీడాకారిణి కాబట్టి ఆ వాదనను తేలికగా కొట్టివేయడానికి లేదు. తరువాతి కాలంలో డబుల్స్‌కు విదేశీ శిక్షకులను ప్రత్యేకంగా నియమించారు.

క్రీడా వృత్తిపై అభిప్రాయాలు

2025 ఫిబ్రవరిలో ఒక పత్రికకు ఇచ్చిన ముఖాముఖిలో, ఆస్తిపాస్తులు గాని కుటుంబ వ్యాపారం గాని అండగా లేని వారు పిల్లలను క్రీడా వృత్తిలో దింపవద్దని తాను సలహా ఇస్తానని గోపీచంద్ చెప్పాడు. ఇల్లు తాకట్టు పెట్టి అకాడమీ కట్టిన వ్యక్తి ఇలా అనడం చర్చకు దారి తీసింది. వేలమంది పిల్లలు చదువు పక్కన పెట్టి ఆటలోకి వస్తే పతకం వరకు చేరేది అతి కొద్దిమందే. మిగిలినవారికి ముప్పై ఏళ్ళ వయస్సులో డిగ్రీ గాని, తగిన ఉద్యోగం గాని, చేసిన శ్రమకు గుర్తింపు గాని ఉండడం లేదన్నది ఇతని ఆవేదన. విరమించిన ఆటగాళ్ళకు చదువు, ఉద్యోగ నైపుణ్యాలు అందించే ఏర్పాటు ఆట నేర్పే ఏర్పాటుతో సమానంగా ఉండాలని ఇతడు కోరాడు.

పురస్కారాలు

గోపీచంద్‌కు 1999లో అర్జున, 2000-01 సంవత్సరానికి రాజీవ్ ఖేల్ రత్న, 2005లో పద్మశ్రీ, 2009లో ద్రోణాచార్య, 2014లో పద్మభూషణ్ పురస్కారాలు లభించాయి. ఖేల్ రత్న పురస్కారానికి 2021లో మేజర్ ధ్యాన్‌చంద్ పేరు పెట్టారు. ఇతని గురువు ఎస్.ఎం.ఆరిఫ్ కూడా ద్రోణాచార్య పురస్కార గ్రహీతే.

కుటుంబం

గోపీచంద్ 2002 జూన్ 5న బ్యాడ్మింటన్ క్రీడాకారిణి పి.వి.వి.లక్ష్మిని వివాహమాడాడు. ఆమె జాతీయ ఛాంపియన్, 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో భారత ప్రతినిధి. వీరికి కుమార్తె గాయత్రి, కుమారుడు సాయి విష్ణు. ఇద్దరూ బ్యాడ్మింటన్ ఆటగాళ్ళే. గాయత్రి డబుల్స్‌ను ఎంచుకుని కేరళకు చెందిన ట్రీసా జాలీతో కలిసి ఆడుతూ 2022, 2023 సంవత్సరాలలో ఆల్ ఇంగ్లండ్ సెమీఫైనల్ చేరింది. 2022లో బర్మింగ్‌హామ్‌లోనే జరిగిన కామన్వెల్త్ క్రీడలలో ఈ జంట మహిళల డబుల్స్ కాంస్యం గెలిచింది.